పచ్చని నీరంతా పైరు కాదు

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం పక్కన మూడు కొండలు ఒకదాని చెంత ఒకటి నిలిచి ఉన్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద దర్గా, రాస్ హిల్ అనే మూడవదానిమీద మరియమాత దేవాలయం. పూర్వం రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నందున ఆ పేరు నిలిచిపోయింది. మాది వేరే సంఘమైనా విశాఖ వెళ్లిన ప్రతిసారీ ఆ మెట్లెక్కి కొంతసేపు కూర్చుంటాం. కింద ఓడల కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, ఎడమచేతి వైపు బంగాళాఖాతం, కుడిచేతి వైపు లోపలి హార్బరు. ఇంత దగ్గరగా ఓడ పోవడం చూడగల చోటు మన తీరంలో మరొకటి ఉందో లేదో.

మొన్న మార్చి నెలలో మా సంఘస్థులు పదిహేనుమందితో అక్కడికి వెళ్లాం. అందరూ డెల్టా పల్లెలవారే. వరి, రొయ్యల చెరువులు, పాడి తెలిసినవారు. పైనుంచి చూస్తే నీరు రెండు రంగుల్లో కనబడింది. సముద్రం వైపు నీలం కలిసిన పచ్చ. హార్బరు లోపలివైపు పాచి పట్టిన కుంటలాంటి ముదురు పచ్చ. మాలో రొయ్యల చెరువులున్న పెద్దాయన ఒకరు చాలాసేపు ఆ నీటినే చూసి, "అయ్యగారూ, ఇది ప్లాంక్టన్ కట్టిన నీరండీ" అన్నారు. మా వెంట ఉన్న కాలేజీ పిల్లలకు తట్టని మాట చెరువు గట్టున నిలబడి నేర్చుకున్న ఆయనకు తట్టింది.

ఆ మాట గూర్చే ఈ నెల నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

సముద్రపు నీటిలో కంటికి కనబడని మొక్కలున్నాయి. పాఠ్యపుస్తకాలలో వీటిని వృక్షప్లవకాలు అంటారు. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. ఒక్క కణమే మొక్క. తలవెంట్రుక మందం కంటే చిన్నవే ఎక్కువ. బాగా పెరిగిన వేళ ఒక లీటరు నీటిలో లక్షల కణాలుంటాయి. వాటికీ పత్రహరితం ఉంది, ఎండ కావాలి, ఎరువు కావాలి. నత్రజని, భాస్వరం, కొద్దిగా ఇనుము. డయాటమ్‌లు అనే రకానికి వీటితోపాటు సిలికా కూడా కావాలి, ఎందుకంటే అవి గాజులాంటి పెట్టెలో కాపురముంటాయి. లోకంలోని మొక్కలన్నిటి బరువులో ఇవి నూటికి ఒక వంతైనా ఉండవు. అయినా భూమిమీద ఏటా జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే. మర్రిచెట్టు వందేళ్లు నిలబడి చేసే పనిని ఇవి వారం తిరగకుండానే పుట్టి, విడిపోయి, తినబడి, మళ్లీ పుట్టి చేస్తుంటాయి. పశువుకు గడ్డి ఎలాగో సముద్రంలో సమస్తమైన చేపకూ ఇవి అలాగు.

అటువంటప్పుడు హార్బరు నీరు అంత పచ్చగా ఉండటం సంతోషించదగిన సంగతే కదా? కాలేజీ పిల్లవాడొకడు అడిగింది ఇదే. రొయ్యల పెద్దాయన నవ్వి ఊరుకున్నారు.

ఆ లోపలి హార్బరు ఒకప్పుడు ఉప్పుటేరు, బురద పర్ర. దాన్ని తవ్వి, లోతు చేసి 1933లో పెద్ద ఓడలకు తెరిచారు. సముద్రంతో దానికి సన్నని కాలువ ఒక్కటే దారి. మన తీరంలో పోటుపాట్ల ఎత్తు తక్కువ గనుక లోపలికొచ్చిన నీరు తొందరగా బయటికి పోదు. మేఘాద్రిగెడ్డ అందులోనే కలుస్తుంది. విశాఖ వైపు వాగును గెడ్డ అంటారు. ఊరు పెరిగేకొద్దీ గెడ్డలన్నీ మురుగుకాలువలయ్యాయి. చుట్టూ నూనె శుద్ధి, ఎరువులు, లోహాల కర్మాగారాలు వచ్చాయి. వాడకం నీరూ, పెద్దకర్మాగారాల నీరూ చాలాకాలం ఆ మూసిన గిన్నెలోకే చేరాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన పి.ఎన్. గణపతిగారు, ఆయనతో కలిసి పనిచేసిన ఎ.వి. రామన్‌గారు ఈ నీటిని శ్రద్ధగా పరిశీలించారు. సేంద్రియ మురుగుకూ స్కెలిటోనీమా విజృంభణకూ గల సంబంధం గూర్చి 1979లో వారు ఒక వ్యాసం ప్రచురించారు. స్కెలిటోనీమా ఒక డయాటమ్. సన్నని గాజుపుల్లలతో ఒకదానికొకటి తగులుకొని పూసలదండలా ఉంటుంది. అది చెడ్డ మొక్క కాదు, విషమేమీ చిమ్మదు. అయితే మురుగు నీటిలో మిగతా వాటికంటే వేగంగా పెరుగుతుంది. బయట తీరంలో పదుల రకాలు కలిసి బ్రతికే చోట, హార్బరు లోపల ఈ ఒక్కటే చాలాసార్లు రాజ్యమేలింది. పొలంలో తుంగ పెరిగినట్టన్నమాట. చేను దూరంనుంచి పచ్చగానే ఉంటుంది.

మురుగు సముద్రాన్ని ఎడారి చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు జరిగేది దానికి తలక్రిందులు. మురుగులో ఎరువుంది గనుక నీరు పచ్చబడుతుంది. మారేది పంట బరువొక్కటే కాదు, పంటలో ఏ మొక్క ఉన్నదనేది కూడా. ఆ మారిన మొక్కను తినేవాడు సరిపడా లేకపోతే అది చచ్చి అడుగున పడి కుళ్లుతుంది. కుళ్లడానికి ప్రాణవాయువు ఖర్చవుతుంది.

దీన్ని మన చెరువుల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. నీళ్లు మరీ చిక్కని పచ్చగా మారిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పగలు ఎండలో ప్రాణవాయువును తయారుచేసిన ఆ మొక్కలే రాత్రి దాన్ని పీల్చుకుంటాయి. సూర్యుడు వచ్చేలోగా నీటిలో ఊపిరి అయిపోతుంది. రెండు రోజులు మబ్బు పట్టిందంటే ప్లాంక్టన్ ఒక్కసారిగా చనిపోయి, ఏరేటర్లు తిప్పినా గండం గడవదు. రైతుకు కనీసం ఏరేటర్లున్నాయి. హార్బరుకు ఏమున్నాయి? అక్కడి అడుగు బురదలో క్యాపిటెల్లా అనే చిన్న పురుగు విపరీతంగా పెరిగినట్టు అదే విశ్వవిద్యాలయం వారు గుర్తించారు. లోకంలో ఎక్కడ మురుగు పేరుకుపోతే అక్కడ ముందుగా కనబడే పురుగు అది. పైన ఒక్క మొక్క, కింద ఒక్క పురుగు. తర్వాతి కాలంలో నగరంలో మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టారు. కట్టినవి ఎంత ఉన్నా, పెరిగిన జనం ముందు అవి ఎప్పుడూ ఒక అడుగు వెనకే అని మా అభిప్రాయం.

ఎరువు కాని మలినం వేరే విధంగా పనిచేస్తుంది. ఓడల అడుగున నాచు, గవ్వలు పట్టకుండా రాగి కలిసిన రంగు పూస్తారు. ఆ రాగి కొంచెం కొంచెంగా నీటిలో కరుగుతుంది. అన్నిటికంటే చిన్నవైన నీలి ఆకుపచ్చ కణాలు ముందు చస్తాయి, డయాటమ్‌లు కొంత ఓర్చుకుంటాయి. పూర్వం వాడిన ట్రైబ్యూటైల్ టిన్ అనే రంగు మరీ ప్రమాదకరమని లోకమంతా దాన్ని నిషేధించారు. ఆ ఒడంబడిక 2008లో అమలులోకి వచ్చింది.

కొండ దిగి చేపల రేవుకు వెళ్లాం. పడవలు వచ్చే వేళ కాదు. ఆడవారు గంపలు బోర్లించి కూర్చున్నారు. వలకు కన్నాలు కడుతున్న ఒక తాతతో మాటలు కలిపాం. "తాతా, నీళ్ల రంగు చూసి చేప ఉందో లేదో చెప్పగలవా?" అని అడిగితే, "రంగొక్కటే సూసి సెప్పేస్తే ఇంకేటుంది అయ్యగారూ. మంచి పసిరికుంది, పాడు పసిరికుంది. కవళ్లు ఉన్న నీటికి వాసనే వేరు" అన్నాడు. చదువుకున్నవారు అర్ధశతాబ్దం శ్రమపడి రాసింది ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు.

కవళ్లు ఎందుకన్నాడో చెప్పాలి. మలబారు తీరంలో నూనె కవళ్లు ఒక్కో ఏడు గుట్టలుగా పడటం, ఒక్కో ఏడు మాయమవడం చూసి జేమ్స్ హార్నెల్, ఎం. రామస్వామి నాయుడు అనే ఇద్దరు వాటి పొట్టలు కోసి పరీక్షించి 1923లో ఒక గ్రంథం రాశారు. కవళ్లకు డయాటమ్‌లు ముఖ్యమైన ఆహారమని తేలింది. తర్వాత 1955లో ఫ్రాజిలేరియా ఓషియానికా అనే ఒక్క డయాటమ్ ఎంత ఉందో చూసి కవళ్ల రాకను గుర్తుపట్టవచ్చని మరి ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. అంటే మొక్కకూ చేపకూ మధ్య ఒక్క మెట్టే. నీటిలో డయాటమ్‌ల బదులు మరీ చిన్న కణాలు పెరిగితే వాటిని కవళ్లు వడగట్టి తినలేవు. వాటిని ఒక సూక్ష్మజీవి తినాలి, దాన్ని ఇంకొంచెం పెద్దది తినాలి, ఆ పెద్దదాన్ని చేప తినాలి. ఒక్కో మెట్టు దాటేసరికి పదింట తొమ్మిది వంతులు ఖర్చయి సుమారు ఒక్క వంతు మిగులుతుంది. రెండు మెట్లు పెరిగితే వంద బస్తాల్లో ఒక్క బస్తా. గంప బోర్లించి కూర్చున్న ఆ తల్లికి ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. అయినా దాని ఫలితం మాత్రం ఆమె గంపలోకే వస్తుంది.

సాయంత్రానికి లాసన్స్ బే చేరాం. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఇక్కడే ఉంది. ఈ తీరానికి మరొక ఘనత కూడా ఉంది. 1950లలో అమెరికానుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన ఇ.సి. లాఫాండ్ ఈ వాల్తేరు ఒడ్డున ఒక సంగతి గమనించారు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు నైరుతినుంచి వీచే గాలి తీరం వెంబడి సాగుతుంది. భూమి తిరుగుడువల్ల పై నీరు ఒడ్డు విడిచి లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునుంచి చల్లని, ఎరువున్న నీరు పైకి వస్తుంది. ఆ ఎరువుకు ఎండ తోడయితే డయాటమ్‌లు విరగపండుతాయి. గణపతిగారు, డి.వి. సుబ్బారావుగారు ఈ లాసన్స్ బే ప్లవకాలను లెక్కించి 1958లో ప్రచురించారు. వాల్తేరు దగ్గర ఆస్టెరియోనెల్లా అనే డయాటమ్ నీటి రంగునే మార్చేంతగా పెరిగిన సంగతిని సుబ్బారావుగారు 1969లో రాశారు. హార్బరు పచ్చదనం వేరు, ఇది వేరు. అది మురుగు కూడు, ఇది కాలం తప్పని దుక్కి.

సముద్రానికి దుక్కి అంటే అడుగు నీరు పైకి రావడమే. గాలి కవ్వమైతే సముద్రం కుండ. అయితే మన బంగాళాఖాతానికి ఒక ఇబ్బంది ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలిక గనుక ఉప్పునీటిమీద మూతలా పరుచుకుంటుంది. గాలి ఎంత చిలికినా అడుగు నీరు తేలికగా పైకి రాదు. అందుకే అరేబియా సముద్రంతో పోల్చితే మన ఖాతంలో ఈ పంట తక్కువ. ఒడ్డునుంచి దూరం పోతే నీరు నిర్మలమైన నీలంగా మారుతుంది. కవులు మెచ్చుకొనే ఆ నీలం నిజానికి బీడు. 1999 అక్టోబరు 29న ఒడిశా మీద పడ్డ పెనుతుపాను ఈ మూతను చీల్చింది. తుపాను వెళ్లిన దారిలో పత్రహరితం పెరగడాన్ని అదే ఏడు మన దేశం పంపిన ఓషన్‌శాట్ ఉపగ్రహం చూసింది. వేలమందిని పొట్టన పెట్టుకున్న గాలే సముద్రాన్ని దున్నిపోయింది. దీన్ని ఎలా చెప్పాలో మాకు మాట దొరకదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాం.

ఇప్పుడు ఆ మూతకు మరో మూత తోడవుతున్నది. సముద్రం వేడెక్కితే పై నీరు ఇంకా తేలికై అడుగు నీటితో కలవడం మానుకుంటుంది. పూణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ, ఆయన తోటివారు 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం హిందూ మహాసముద్రపు పశ్చిమ భాగంలో గత ఆరు దశాబ్దాలలో వృక్షప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయి. కారణం ముఖ్యంగా ఈ వేడిమే. అలాగని లోకమంతటా ఒకే లెక్క అనుకోకూడదు. సముద్రాలన్నిటా వృక్షప్లవకాలు ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతున్నాయని 2010లో ఒక వ్యాసం వస్తే, పాత కొలతలనూ కొత్త కొలతలనూ కలిపిన తీరు సరికాదని ఇతర శాస్త్రవేత్తలు మరుసటి ఏడే ఆక్షేపించారు.

ఆ పాత కొలతలంటే ఏమిటనుకుంటున్నారు? తాడుకు కట్టిన తెల్లని పళ్లెం. అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూస్తారు. ప్లాంక్టన్ ఎక్కువైతే తొందరగా కనుమరుగవుతుంది. 1865లో పోపుగారి ఓడమీద నిలబడి దీన్ని పరీక్షించినవాడు ఏంజెలో సెక్కి అనే జెసూట్ గురువు. ఆయన పేరుతోనే దాన్ని సెక్కి డిస్క్ అంటారు. మా రొయ్యల పెద్దాయన ఇంట్లో నలుపు తెలుపు ముక్కలుగా రంగు వేసిన అటువంటి పళ్లెం తాడుతో సహా ఉంది. కనిపెట్టినది ఒక పాదిరిగారని చెబితే ఆయన చాలా సంబరపడ్డారు.

వేడి నీటిలో ఎవరు బ్రతుకుతారు? చిన్నవారు. ప్రోక్లోరోకాకస్ అనే కణం మిల్లీమీటరులో వెయ్యో వంతుకంటే కూడా చిన్నది. 1988 వరకు దాని సంగతి లోకానికే తెలియదు. ఎరువు తక్కువైన వెచ్చని నీరే దానికి ఇష్టం. పెద్ద డయాటమ్‌లు తగ్గి ఇటువంటివి పెరిగితే పైన చెప్పిన మెట్ల లెక్క మొదలవుతుంది.

చీకటిపడ్డాక పిల్లలు అలలు మెరుస్తాయేమో చూద్దామని కూర్చున్నారు. ఆ రోజు మెరవలేదు. 2019 ఆగస్టులో చెన్నై ఒడ్డున నీలి మెరుపు చూసి జనం తండోపతండాలుగా వెళ్లారు. అది నాక్టిలుకా అనే జీవి పని. చిన్న చుక్కలా కంటికి కనబడుతుంది. డయాటమ్‌లను మింగుతుంది, తన పొట్టలో పచ్చని కణాలను పెంచుకొని వాటి కష్టం కూడా తింటుంది. ప్రాణవాయువు తగ్గిన నీటిలోనూ సుఖంగా ఉంటుంది. అరేబియా సముద్రంలో శీతాకాలంలో డయాటమ్‌లు పెరిగే చోట 2000 తర్వాత ఇది ఆక్రమించుకుంది. 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో ఇది పెరిగినప్పుడు చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మెరుపు అందంగానే ఉంటుంది, చూడవద్దని మేము చెప్పం. అయితే పచ్చగానో ఎర్రగానో మారిన నీటిలోని ఆల్చిప్పలు ఏరుకొని తినవద్దని మాత్రం తీరంలోని కుటుంబాలకు గట్టిగా చెబుతాం. కొన్ని రకాల ప్లవకాలలో విషముంటుంది. ఆల్చిప్ప నీటిని వడగట్టి ఆ విషాన్ని తనలో దాచుకుంటుంది. వండినా పోదు. 1997 సెప్టెంబరులో కేరళలోని విళింజం దగ్గర అటువంటి ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు.

విశాఖలో చూసింది మురుగు సంగతి. మన డెల్టావారి వంతు ఏమిటో చూడాలంటే గోదావరి ముఖానికే పోవాలి. కిందటేడు వరదలు తగ్గిన తర్వాత నవంబరులో యానాం నుంచి పడవమీద ఏటి మొగవైపు వెళ్లాం. వరద రోజుల్లో నీరు ఎర్రమట్టితో నిండి ఎండ లోపలికి దిగదు గనుక ఎరువెంత ఉన్నా మొక్క పెరగదు. వరద తీసి నీరు తేరుకున్నాక పచ్చబడుతుంది. నది సిలికాను తెస్తుంది, అది రాతినుంచి కరిగి వచ్చేది. నత్రజనిని కూడా తెస్తుంది, అందులో మన యూరియా వాటా ఉంది. వరి చేనులో చల్లిన నత్రజనిలో సగానికి పైగా పైరుకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత మురుగు కాలువ పట్టి ఏటికి చేరుతుంది. ఆనకట్టల వెనుక నీరు నిలిచిన కొద్దీ సిలికాలో కొంత అక్కడే ఉండిపోతుంది, యూరియా మాత్రం ఏటేటా పెరిగింది. సిలికా తక్కువై నత్రజని ఎక్కువైతే డయాటమ్‌లు వెనకబడి, గాజుపెట్టె అక్కరలేని రకాలు ముందుకొస్తాయి.

ఇంకొకటి ఉంది. బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్ల కిందనుంచి కొన్ని వందల మీటర్ల వరకు ప్రాణవాయువు దాదాపు లేదనదగినంత తక్కువ. అక్కడ మిగిలింది చిటికెడు. ఆ చిటికెడు ఉన్నందువల్లే అరేబియా సముద్రపు లోతుల్లో జరిగినట్టు నత్రజని పెద్దఎత్తున వాయువై పోకుండా ఇక్కడ ఆగుతున్నదని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. పైన అక్కరకు మించి పచ్చదనం పెరిగి, తినేవాడు లేక అడుగుకు రాలితే, కుళ్లడానికి ఖర్చయ్యేది ఆ చిటికెడే.

పడవ సరంగు ఇంజను ఆపాడు. ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసే చోట తెల్లని నురగ గీత సాగి ఉంది. దానికి ఇవతల గోధుమ రంగు, అవతల పచ్చ. మాతో వచ్చిన కౌలురైతు ఒకాయన వంగి దోసిట నీళ్లు తీసుకొని, "రెండు దఫాల్లో వేసే యూరియా మూడు దఫాలు చేసి, వేసిన మూడు రోజులు గట్టు తెగకుండా చూస్తే ఇక్కడికి రావడం తగ్గుద్దా అయ్యగారూ?" అని అడిగారు. తగ్గుతుందని చెప్పాం. బస్తా ఖర్చు కూడా తగ్గుతుందని సరంగే అందుకున్నాడు. అతనికీ ఎకరం కౌలు ఉందట. ఇద్దరూ కాలువ కింద నీళ్ల వంతుల గూర్చి మాటల్లో పడ్డారు. ఆటుకు పడవ మెల్లగా సముద్రం వైపు జరుగుతుంటే చూసుకొని సరంగు మళ్లీ ఇంజను తిప్పాడు.